మధ్యలో దిగిపోయిన తొమ్మిదిమంది

వాన ఆగేలోపు చెప్పేయాలి. ఆగిందంటే మైదానం మీది టార్పాలిన్ చుట్టేస్తారు, ఆట మళ్ళీ మొదలవుతుంది, ఆట మొదలయ్యాక ఈ పెద్దాయన ఇక ఎవరి మాటా వినరు, పెన్సిల్ పట్టుకుని స్కోరు పుస్తకంలో తల దూర్చేస్తారు. బేస్‌బాల్ ఆట మూడో ఇన్నింగ్స్ మధ్యలో ఆగిపోయింది. షికాగో పక్కన ఈ షామ్‌బర్గ్‌లో మే నెలను నమ్మకూడదు, పొద్దున ఎండ చూపించి మధ్యాహ్నం ముంచేస్తుంది. గంట పట్టొచ్చని స్పీకర్‌లో ఒకమ్మాయి ఉల్లాసంగా చెప్పింది, అదేదో శుభవార్త అయినట్టు. సగం జనం తినుబండారాల వైపు వెళ్ళిపోయారు. మేమిద్దరం పైకప్పు ఉన్న వరసలో కూర్చున్నాం, మధ్యలో వేరుశనక్కాయల పొట్లం. ఈ పెద్దాయన, కెన్ మోరిటా గారికి తొంభై నాలుగేళ్ళు. ఒక్కో కాయనూ రెండు వేళ్ళతో నొక్కి, పప్పు నోట్లో వేసుకుని, తొక్కలు మాత్రం కోటు జేబులో వేసుకుంటున్నారు. అందరూ కిందే పారేస్తారండీ, ఇక్కడ అదే ఆచారం అని నేనంటే, తెలుసు, డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకే చేతకావడం లేదు అన్నారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నా తలలోకి వచ్చేసరికి తెలుగైపోతుంది. ముసలివాళ్ళ మాటలన్నీ నాకంతే, తొమ్మిదేళ్ళప్పుడు కాకినాడ నుంచి ఇక్కడికొచ్చి పడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. చెప్పేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేనో తప్పు చేశాను మిస్టర్ మోరిటా, అని మొదలుపెట్టొచ్చు. ఫిల్మ్ స్కూల్లో చేరిన మొదటి నెలలో అందరూ చేసే తప్పు, మూడో ఏడాదిలో ఎవరూ చేయని తప్పు. కెమెరాకి ఉన్నది ఒకటే ఎర్ర బటన్, నొక్కితే రికార్డవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. మొదట్లో ఒక్కసారి తెలియకుండా ఎక్కువ నొక్కామంటే ఇక అంతా తలకిందులే, మొదలైందనుకున్నప్పుడు ఆగిపోతుంది, ఆపాననుకున్నప్పుడు మొదలవుతుంది. ఆయన ఇంటర్వ్యూ తీసిన రోజు ఆయన ముఖం చూస్తూ కెమెరా తెర చూడడం మానేశాను. ఇంటికొచ్చి కార్డు తెరిచి చూస్తే రెండు గంటల ఇంటర్వ్యూలో ఒక్క ముక్క లేదు. కార్పెట్ ఉంది. స్టాండు కాలు ఉంది. నేను లైటు జరుపుతూ తెలుగులో విసుక్కోవడం ఉంది. చివర్లో, "అయిపోయిందండీ, ఆపేశాను, ఇక టీ తాగుదాం" అని నేను నమ్మకంగా అన్నాక మొదలై, పదకొండు నిమిషాలు. కెమెరా తల కిందికి వంచి ఉంది కాబట్టి బల్ల అంచు, ఆయన చేతులు, రెండు కప్పులు కనిపిస్తాయి. కాలర్‌కి పెట్టిన మైకు తీయనే లేదు కాబట్టి ప్రతి మాటా గుళ్ళో గంటలా వినిపిస్తుంది. నేను ఇప్పటిదాకా తీసినవాటన్నిటిలోకీ గొప్పవి ఆ పదకొండు నిమిషాలే, వాటిని నేను తీయలేదు.

సోమవారం సినిమా ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఈ ఏడాది డిగ్రీ లేదు. మా ప్రొఫెసర్ ఆ ముక్క చూసి, ఇదే నీ సినిమా అంది. ఆయనకి రికార్డవుతోందని తెలియదండీ అన్నాను. ముందే కాగితం మీద సంతకం పెట్టాడు కదా, ఆ రోజు తీసిందంతా వాడుకోవచ్చని అందులో ఉంది కదా అంది. ఉంది. ఆ కాగితం నేనే టైప్ చేశాను. చట్టం నా వైపే ఉంది, అదే నా బాధ. అప్పటినుంచీ మింగలేక కక్కలేక తిరుగుతున్నాను, ఆ పదకొండు నిమిషాలూ ఫోన్‌లోకి ఎక్కించుకుని బస్సులో, పడుకునే ముందు, వంటింట్లో వింటున్నాను. చెప్తే వద్దంటారేమో. వద్దంటే నా దగ్గర మిగిలేది కార్పెట్.

అసలు నీకీ పాతకాలం పిచ్చి ఎక్కడిదే అని అమ్మ అడుగుతుంది. పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ బయట పెట్టి అమ్మిన సామానులో రెండు డాలర్లకి కొన్నాను, ఒక డబ్బా నిండా పాత హోమ్ మూవీ రీళ్ళు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. గోడ మీద దుప్పటి కట్టి వేసుకుంటే యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనుషులు, కొత్త ఇళ్ళు, ఇంకా ఆకులు వేయని మొక్కలు, ఖాళీ స్థలంలో టోపీలు పెట్టుకుని బేస్‌బాల్ ఆడుతున్న మామయ్యలు. ఎవరి మామయ్యలో. అందరూ కెమెరా వైపు చూసి చెయ్యి ఊపేవాళ్ళే, అందరూ అప్పుడే ఎక్కడినుంచో వచ్చి సర్దుకుంటున్నవాళ్ళే. నాకు ఆ మొహాలు తెలుసనిపించింది. మేము వచ్చిన ఏడు మా మొహాలూ అలాగే ఉండేవి, ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక. అప్పటినుంచి పంతొమ్మిదివందల నలభై అయిదుకీ యాభై అయిదుకీ మధ్య పదేళ్ళలోనే నా కాపురం. నల్లజాతి ఆటగాడు పెద్ద లీగులో మొదటిసారి బ్యాటు పట్టిన ఏడాది ఏ రోజు ఎంతమంది వచ్చారో చెప్పమంటే చెప్తాను, నిన్న ఏం తిన్నానో అడిగితే చెప్పలేను. నాన్న దృష్టిలో చరిత్ర అంటే ఎనభై మూడు వరల్డ్ కప్, అంతే. టెస్ట్ మ్యాచ్ అయిదు రోజులు కదలకుండా చూసిన మనిషి మూడు గంటల బేస్‌బాల్‌కి ఆవలిస్తాడు. చూడు నాన్నా, స్కోరు బోర్డు మీద పరుగులు, హిట్లు, వాటి పక్కనే తప్పులు కూడా వేస్తారు, చేసిన తప్పుని లెక్కపెట్టి అందరికీ చూపించే ఆట ఇంకోటి ఉందా అని ఒకసారి వాదించాను. మన ఇంట్లో మీ అమ్మ ఉంది అన్నాడు.

అలా వెతగ్గా దొరికారు ఈ పెద్దాయన. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ మూలాలున్నవాళ్ళందరినీ అమెరికా పశ్చిమ తీరం నుంచి తరలించి ఎడారుల్లో ముళ్ళకంచెల వెనక పెట్టారు కదా, అలాంటి ఒక క్యాంపులో మూడేళ్ళు పెరిగి, పదిహేనేళ్ళప్పుడు అన్నతో కలిసి షికాగో రైలెక్కారు. వెళ్ళేముందు క్యాంపు ఆఫీసులో చెప్పి పంపారట, అక్కడ మీవాళ్ళతో కలవకండి, వీధిలో ముగ్గురికి మించి గుమిగూడకండి, ఎవరి కంటా పడకండి అని. మరి బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది కావాలే! ఈ మాట చెప్పి ఆయన నవ్వుతారు. స్కూళ్ళలో, లైబ్రరీల్లో ఆయన చెప్పే కథ ఇక్కడే మొదలవుతుంది. అన్న మినోరు జట్టు కట్టాడు, నీలం జాకెట్లు కుట్టించాడు, నలభై ఎనిమిది వేసవిలో ఒక్కటి తప్ప అన్ని ఆటలూ గెలిచారు, ఆ ఒక్కటీ వాన వల్ల పోయింది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ కథే నాకూ రెండు గంటలు చెప్పారు, అదే రికార్డు కాలేదు.

టీ దగ్గర నేనే నోరు జారాను. మీ అన్నదమ్ములు భలే కలిసి ఉండేవారే అన్నాను, మా నాన్న నా ఆటకి రావడం మానేసి పదకొండేళ్ళయింది అన్నాను. ఎందుకు అన్నారు. ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది, అమ్మకి కూడా చెప్పనిది, ఎందుకు చెప్పానో తెలియదు. నాకు పన్నెండేళ్ళు, స్కూల్లో సాఫ్ట్‌బాల్ జట్టుకి ఎంపిక జరుగుతోంది, మూడేళ్ళు ఒంటరిగా టిఫిన్ డబ్బా తిన్నాక అప్పుడప్పుడే ఇద్దరు ముగ్గురు పక్కన కూర్చోనిస్తున్నారు. నేను కొట్టిన బంతి గీత అవతల పడింది, అది ఫౌల్, పరుగెత్తకూడదు. ఇనపవల అవతల నుంచి, మెళ్ళో ఆఫీసు బ్యాడ్జితో, "అవనీ, పరుగెత్తమ్మా, పరుగెత్తు!" అని నాన్న కేక. క్రికెట్ బుర్ర, బంతి తగిలితే పరుగెత్తడమే. అందరూ నవ్వారు. పక్కనున్న పిల్ల, మీ నాన్నా అంది. కాదు, ఎవరో తెలియదు అన్నాను. వలకి అటు ఆయన, ఇటు నేను, మధ్య మూరెడు దూరం. ఇంగ్లీషులోనే అన్నాను. తిరిగి చూసేసరికి కారు వైపు నడిచి వెళ్తున్నాడు. ఇంటికెళ్ళే దారిలో ఆకలేస్తోందా అని అడిగాడు, అంతే. విన్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇది విని పెద్దాయన కప్పు కింద పెట్టారు. వీడియోలో ఆ చప్పుడు ఉంది. తర్వాత చేతులు, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని. తర్వాత గొంతు. వాన కాదమ్మా, ఆ ఆట వాన వల్ల పోలేదు. అప్పటికి నేను జట్టు మానేశాను, నాకు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది, అక్కడ మావాళ్ళలో నన్నొక్కణ్ణే తీసుకున్నారు. ఆదివారం తోటి గుమాస్తాలిద్దరితో ట్రామ్‌లో వెళ్తున్నాను. మా అన్న మినోరు ఎక్కాడు, వెనక ఎనిమిదిమంది, నీలం జాకెట్లు, గోనెసంచిలో బ్యాట్లు. నన్ను చూసి ఇంట్లో పిలిచే పేరు పెట్టి పిలిచాడు. నీకు తెలుసా వాళ్ళు అన్నాడు పక్కవాడు. తెలియదన్నాను. మా అన్న నా మొహంలోకి ఒకసారి చూశాడు, వెనక్కి తిరిగి వాళ్ళతో ఏదో అన్నాడు, తర్వాతి స్టాపులో తొమ్మిదిమందీ దిగిపోయారు. వాళ్ళ మైదానం ఇంకా పద్నాలుగు స్టాపులు అవతల. ఆదివారం తర్వాతి ట్రామ్ ఎప్పటికో, నడుచుకుంటూ వెళ్ళేసరికి టైమైపోయింది, ఆడకుండానే ఓడినట్టు రాసేశారు. ఆ తర్వాత నలభై మూడేళ్ళు బతికాడు మా అన్న, నా పెళ్ళి చేశాడు, నా పిల్లలకి బంతి విసరడం నేర్పాడు, ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. కోపంతో దిగాడా, అసహ్యంతో దిగాడా, నేను అడగలేదు. అడగాల్సింది, అన్నారు పెద్దాయన. అక్కడ నేను టీ పోశాను. పోసిన చప్పుడు ఉంది.

వాన కొంచెం తగ్గింది. వద్దు, తగ్గకు. నాకింకా ధైర్యం రాలేదు. అటు పార్కింగ్‌లో మా కారు కనిపిస్తోంది, బూడిదరంగుది, వైపర్లు ఆగి ఉన్నాయి. మమ్మల్నిద్దరినీ దింపి, "ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ ఉంది రా, కాల్ వచ్చేస్తుంది, మీరు వెళ్ళండి, నేను కార్లో ఉంటా" అన్నాడు నాన్న. శనివారం అలాంటి ఆఫీసు పని ఉండదని కాదు, ఐటీవాళ్ళకి పండగపూట కూడా ఉంటుంది. కానీ పదకొండేళ్ళుగా ప్రతి ఆటకీనా? హైస్కూల్ ఫైనల్ రోజునా? ఏ ఆటకీ నన్ను దింపకుండా ఉండలేదు, ఏ ఆటకీ లోపలికి రాలేదు. విన్నాడు. విన్నాడని నాకు ఎప్పుడో తెలుసు, తెలియనట్టు నటించడం సులువు, అంతే. అమ్మో, ఇది ఇప్పుడు ఆలోచించకూడదు, ముందు ఈ పని కానివ్వాలి.

"మిస్టర్ మోరిటా, ఆ రోజు టీ తాగుతున్నప్పుడు కెమెరా ఆగలేదు."

అనేశాను. బటన్ సంగతి, తలకిందులవడం, కార్పెట్, సంతకం, సోమవారం, ప్రొఫెసర్, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మీరు వద్దంటే ఇక్కడే చెరిపేస్తాను అన్నాను. పెద్దాయన ఒక కాయ నొక్కారు. అది పుచ్చిన కాయ, దాన్నీ జేబులో వేసుకున్నారు.

"మినోరు పేరు వినిపిస్తుందా?"

"స్పష్టంగా వినిపిస్తుంది."

"వినిపించు."

ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో నేనే పెట్టాను. పదకొండు నిమిషాలు ఆయన తడిసిన మైదానం వైపు చూస్తూ విన్నారు, నేను ఆయన్ని చూస్తూ కూర్చున్నాను, ఎక్కడ ఏ మాట ఉందో నాకు కంఠతా వచ్చు కాబట్టి ఆయన ఎక్కడిదాకా వచ్చారో తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నాన్న కేక. ఇప్పుడు కప్పు. ఇప్పుడు ట్రామ్. ఒక్కచోట ఆయన పెదవులు కదిలాయి, ఇంట్లో పిలిచే పేరు దగ్గర. నా డిగ్రీ పోయినా ఫరవాలేదు, ఈ మనిషికి నేను కష్టం కలిగించకపోతే చాలు అని మొదటిసారి నిజంగా అనిపించింది. ఇయర్‌ఫోన్లు తీసి, వైరు జాగ్రత్తగా చుట్టి, నా చేతిలో పెట్టారు.

"ఇందులో నీ కథ కూడా ఉంది. నీది కత్తిరించి నాది ఒక్కటీ వాడదామనుకున్నావా?"

అనుకున్నాను. అబద్ధం ఎందుకు, మొదటి ఎడిట్‌లో అదే చేశాను. తల ఊపాను.

"అది తీసేస్తే నేనెందుకు చెప్పానో ఎవరికీ అర్థం కాదు. రెండూ ఉంచు. నా వరకు నాకు సమ్మతమే, స్కూలు పిల్లలకి అబద్ధం చెప్పి చెప్పి నాకూ విసుగొచ్చింది. కానీ మా అన్నని అడగడానికి ఆయన లేడు. మీ నాన్న ఉన్నాడు. ముందు ఆయన వినాలి. ఆయన వద్దంటే నీదీ నాదీ రెండూ చెరిపెయ్యి. వెళ్ళు, ఈ వాన ఇంకో పావుగంటే."

ఇదా! ఆయనతో చెప్పడమే కొండ అనుకున్నాను, కొండ వెనక కొండ. మెట్లు దిగుతూ ఎన్ని సాకులు వెతికానో. ఇంటికెళ్ళాక వినిపించొచ్చు. రేపు ఆదివారం, తీరిగ్గా టిఫిన్ తిన్నాక. అమ్మచేత చెప్పించొచ్చు. కాళ్ళు మాత్రం గేటు దాటేశాయి, వానలో తడుస్తూ కార్ల మధ్య నుంచి వెళ్తున్నాయి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి లాప్‌టాప్ సంచి వెనక సీట్లో జిప్పు కూడా తీయకుండా ఉంది. నాన్న సీటు వెనక్కి వాల్చుకుని ఫోన్ చూస్తున్నాడు. తెర మీద టార్పాలిన్, దాని మీద వాన. ఈ ఆటే. నన్ను చూసి గబుక్కున ఫోన్ బోర్లా పెట్టి, తలుపు తీశాడు.

"తడిసిపోయావు కదే! గొడుగు వెనకుంది, తీస్కెళ్ళాల్సింది. ఏమైంది, పెద్దాయన బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. నాన్నా, నువ్వు ఒకటి వినాలి. మధ్యలో ఆపకు."

విన్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని అద్దం మీద చుక్కల్ని చూశాను, ఆయన వైపు చూడలేకపోయాను. నా గొంతు ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా బయటికొస్తోంది, ఎవరో తెలియదు అన్నాను అన్న చోట కూడా. నాన్న ఆపలేదు. చివరిదాకా విని, టీ పోసిన చప్పుడు కూడా విని, ఇయర్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారీ నాన్నా," అన్నాను. ఏడుపు వచ్చేసింది. "నువ్వు విన్నావు కదూ ఆ రోజు?"

"విన్నా. చిన్నపిల్లవి కదే. ఎప్పటి మాట." తువ్వాలు వెతికి నా తల మీద పడేశాడు. "నేనూ సరిగ్గా చూడకుండా అరిచా. అది ఫౌల్ అని తర్వాత తెలిసిందిలే."

"సినిమాలో పెట్టమంటావా, వద్దంటావా?"

"పెట్టు, పెట్టు. అది కాదు గానీ..." నాన్న మొహం వేరేగా ఉంది, నన్ను దాటి స్టేడియం వైపు చూస్తున్నాడు. "ఆ పెద్దాయన అడిగారే, అన్న కోపంతో దిగాడా అని. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనకి చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు? ఆయన ఎవరికీ చెప్పందే."

"కోపంతో కాదే. కోపమొస్తే మనిషి అక్కడే కూర్చుంటాడు, దిగడు. తమ్ముడు ఇప్పుడిప్పుడే నలుగురిలో కలుస్తున్నాడు, మనం ఎదురుగా ఉంటే వాడికి ఇబ్బంది, కాస్త ముందు దిగితే మనకి పోయేదేముంది అనుకుంటాడు. అంతే ఉంటుంది. అంతకంటే ఏమీ ఉండదు." పెట్టుకోని సీటు బెల్టుని తీయబోయి, తలుపు తోశాడు. "తొంభై నాలుగేళ్ళంటున్నావు. పద పద, ఇప్పుడే చెప్పాలి."

గొడుగు ఆయనే మరిచిపోయాడు. నా ముందు పెద్ద పెద్ద అంగలతో నడుస్తున్నాడు, ఆఫీసు బూట్లు నీళ్ళలో పడుతున్నా చూసుకోవడం లేదు. గేటు దగ్గర నా దగ్గరున్న అదనపు టికెట్టు చూపించాను, నాన్న కోసమని ప్రతిసారీ ఒకటి ఎక్కువ కొంటాను, ఆ సంగతి ఆయనకి తెలియదు. మెట్లెక్కాం. పనివాళ్ళు టార్పాలిన్ అంచులు పట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన పక్కన ఖాళీ సీట్లో నాన్న కూర్చున్నాడు, నమస్కారం లేదు, పేరు లేదు, తన ముక్కలు ముక్కల ఇంగ్లీషులో నేరుగా మొదలుపెట్టాడు. సర్, మీ అన్నకి కోపం లేదు. మా అమ్మాయి వినిపించింది. నాకు తెలుసు, నేనూ అలాగే దిగాను. పెద్దాయన పెన్సిల్ పక్కన పెట్టి, నాన్న మొహాన్ని చాలాసేపు చూశారు, అందులో ఇంకెవరినో వెతుకుతున్నట్టు.

"దిగాక ఏం చేసుంటాడంటారు?" అన్నారు.

"నిలబడి చూసుంటాడు సర్," అన్నాడు నాన్న. "మీరు క్షేమంగా వెళ్తున్నారో లేదో అని. ట్రామ్ కనిపించినంత దూరం."